ఫార్మా కంపెనీ డబ్బుతో ఆరోగ్య వ్యాసాలు: మందు పేరు లేకపోతే చాలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మీది ఒక చిన్న ఆరోగ్య మాసపత్రిక, దానికో వెబ్‌సైటు ఉంది. ఒక ఫార్మా కంపెనీ తరఫున పీఆర్ ఏజెన్సీ వచ్చి షుగర్, ఊబకాయం మీద ఏడాదిపాటు నెలకో వ్యాసం ఇస్తామంటోంది, వేసినందుకు డబ్బూ ఇస్తుంది. రాసేది వాళ్లే. పైన ఒక పేరున్న డాక్టరుగారి పేరు, ఫొటో. మందు పేరు ఎక్కడా ఉండదు, చివర కంపెనీ లోగో చిన్నగా ఉంటుంది. ‘మందు పేరు లేదు కాబట్టి ఏ చట్టమూ తగలదు’ అని ఏజెన్సీ భరోసా ఇస్తోంది. ఆ మాట నమ్మవచ్చా, ఇప్పటికే వేసేసిన రెండు వ్యాసాలను ఏం చేయాలి అన్నది మీ సందేహం.

నేను ఫార్మసీ చదివి కొన్నాళ్లు ఒక కంపెనీలో ప్రచార సామగ్రి సరిచూసే పని చేశాను. ఆ తర్వాత చాలా ఏళ్లుగా పత్రికలకు ఆరోగ్య కథనాలు ఎడిట్ చేస్తున్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను, నేను లాయర్ని కాను. ఒప్పందం మీద సంతకం పెట్టేముందు ఎవరైనా లాయరుకి చూపించండి.

ఏజెన్సీ మాట సగమే నిజం. మన దేశంలో ‘స్పాన్సర్డ్ ఆరోగ్య వ్యాసం’ అనే పేరుతో ప్రత్యేకమైన చట్టం లేదు. ఫార్మా కంపెనీ డబ్బిచ్చి ప్రజల కోసం ఆరోగ్య వ్యాసం వేయించకూడదని నిషేధమూ లేదు. అయితే మీరు దానికి ఏ పేరు పెట్టుకున్నా, ఆ వ్యాసం చదివేవాణ్ని ఎటు నడిపిస్తోందన్నదే చట్టం చూస్తుంది. మందు పేరు తీసేసినంత మాత్రాన ప్రకటన వ్యాసం అయిపోదు.

మొదట మందుల సంగతి. డ్రగ్స్ రూల్స్ కింద షెడ్యూల్ హెచ్, హెచ్1, ఎక్స్ అని మూడు జాబితాలున్నాయి. డాక్టర్ చీటీ లేనిదే అమ్మకూడని మందులు వాటిలో ఉంటాయి. మందుల షాపులో ఏ స్ట్రిప్ అయినా తిరగేసి చూడండి, ‘ఆర్ఎక్స్’ గుర్తు, నిలువునా ఎర్ర గీత కనిపిస్తే అది చీటీ మందు. ఈ మూడు జాబితాల్లోని మందులను కేంద్ర ప్రభుత్వ ముందస్తు అనుమతి లేకుండా ప్రకటించకూడదని 2015లో రూల్స్‌లో షరతు చేర్చారు. అది తయారీ లైసెన్సుకే పెట్టిన షరతు, తప్పితే కంపెనీకి లైసెన్సు దగ్గరే ఇబ్బంది వస్తుంది. మీ పత్రికలో మందు పేరు వద్దని కంపెనీ ముందే అనడానికి అసలు కారణం ఇదే. మీ మీద ప్రేమతో తీసుకున్న జాగ్రత్త అనుకోకండి.

మిమ్మల్ని నేరుగా తాకేది 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం. పేరు చూసి ఇదేదో తాయెత్తులు, వశీకరణ లేహ్యాలు అమ్మేవాళ్ల కోసం అనుకుంటారు చాలామంది. అల్లోపతి మందులూ దాని కిందికే వస్తాయి. అందులో ‘ప్రకటన’ అన్న మాటకు ఇచ్చిన అర్థం చాలా విశాలం: నోటీసు, సర్క్యులర్, లేబుల్, రేపర్, ఇతర పత్రం ఏదైనా సరే, నోటితో చెప్పినా సరే, కాంతి, ధ్వని, చివరికి పొగ ద్వారా చెప్పినా సరే ప్రకటనే. మూడో సెక్షన్ ప్రకారం, ఆ చట్టం షెడ్యూల్లో ఉన్న జబ్బులను గుర్తించడానికి, నయం చేయడానికి, తగ్గించడానికి, రాకుండా ఆపడానికి ఫలానా మందు వాడవచ్చని స్ఫురింపజేసే ప్రకటన ప్రచురణలో ఎవరూ ఏ రకంగానూ పాలుపంచుకోకూడదు. ‘ఎవరూ’ అంటే మందు తయారుచేసినవాడొక్కడే కాదు, వేసిన మీరు కూడా. షెడ్యూల్లో 54 అంశాలున్నాయి. డయాబెటిస్ తొమ్మిదోది, బీపీ 27వది, ఊబకాయం 38వది. మీ వ్యాసాలకు వాళ్లు ఎంచుకున్న రెండు జబ్బులూ అందులోనే ఉన్నాయి. మొదటిసారి శిక్ష పడితే ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. మళ్లీ తప్పు చేస్తే ఏడాది దాకా.

ఈ చట్టం పాతబడి అటకెక్కిందనుకోవద్దు. తెలంగాణ డ్రగ్స్ కంట్రోల్ అడ్మినిస్ట్రేషన్ వాళ్లు కీళ్లవాతం, కిడ్నీలో రాళ్లు, షుగర్ లాంటి జబ్బులు తగ్గిస్తామని లేబుల్ మీద రాసుకున్న మందులను ఈమధ్య కాలంలో వరసగా పట్టుకుంటున్నారు. లేబుల్ మీద జబ్బు పేరు ఉండటమే అక్కడ కేసుకు ఆధారం.

మరి ఆరోగ్య వ్యాసాలే రాయకూడదా అంటే, అదేం లేదు. శాస్త్రీయ దృష్టితోనో సామాజిక దృష్టితోనో నిజాయితీగా రాసిన పుస్తకాలకు, గ్రంథాలకు పద్నాలుగో సెక్షన్ మినహాయింపు ఇచ్చింది. షుగర్ ఎందుకొస్తుంది, పరగడుపు పరీక్షకీ హెచ్‌బీఏ1సీకీ తేడా ఏమిటి, కాళ్లకు పుండ్లు పడకుండా ఏం చూసుకోవాలి అని రాస్తే ఏ అధికారీ మీ గడప తొక్కడు. అసలు చిక్కంతా మధ్యలో ఉండే రకంతోనే, మీకు వచ్చింది కూడా అదే.

ఉదాహరణకు ఒక పేరా రాస్తాను, ఏజెన్సీల దగ్గర్నుంచి వచ్చే ముసాయిదాలు దాదాపు ఇలాగే ఉంటాయి: ‘రోజూ మాత్రలు మింగుతున్నా షుగర్ అదుపులోకి రావడం లేదా? బరువు కూడా పెరుగుతోందా? ఇక నిరాశ అక్కర్లేదు. వారానికి ఒక్కసారి తీసుకుంటే చాలు, షుగర్‌తోపాటు బరువునూ తగ్గించే సురక్షితమైన కొత్త తరం చికిత్సలు ఇప్పుడు మన దేశంలోనూ అందుబాటులోకి వచ్చాయి. మీ డాక్టర్‌ని ఈరోజే అడగండి.’

ఇందులో మందు పేరు లేదు. కానీ వారానికోసారి తీసుకునేవి, బరువు తగ్గించేవి అనగానే మిగిలేవి వేళ్ల మీద లెక్కపెట్టగలిగిన మందులు. అడుగున లోగో ఎవరిదో చూస్తే ఏ మందో తేలిపోతుంది. పాఠకుడు డాక్టర్ దగ్గరికి వెళ్లి ‘ఆ వారం ఇంజెక్షన్ రాయండి సార్’ అంటాడు. రాసినవాళ్లకు కావలసిందీ అదే. ‘సురక్షితమైన’ అన్న మాట చూడండి. ఈ మందులతో వాంతులు, వికారం లాంటివి మామూలే, పాంక్రియాస్ వాపు గురించి హెచ్చరికలున్నాయి, కొన్ని రకాల థైరాయిడ్ క్యాన్సర్ కుటుంబంలో ఉన్నవాళ్లు వాడకూడదు. అదొక్క ముక్కా పేరాలో లేదు. మొదటి వాక్యం మరీ దారుణం, ఎందుకంటే షుగర్ అదుపు తప్పడానికి చాలా సందర్భాల్లో కారణం మాత్రలు సరిగ్గా వేసుకోకపోవడమో, తిండో, ఇన్సులిన్ మొదలుపెట్టడంలో జాప్యమో అయివుంటుంది. వ్యాసం ఆ విషయం దాటేసి నేరుగా కొత్త మందు గుమ్మంలో దించుతోంది.

నేనైతే ఆ పేరాను ఇలా మారుస్తాను: ‘మాత్రలు వాడుతున్నా షుగర్ దిగకపోతే ముందు మూడు సంగతులు డాక్టర్‌తో మాట్లాడండి: మాత్రలు ఏ వేళకు వేసుకుంటున్నారు, రోజంతా ఏం తింటున్నారు, వేరే జబ్బులకు ఏ మందులు వాడుతున్నారు. అవసరాన్ని బట్టి మోతాదు పెంచడం, వేరే మాత్ర చేర్చడం, ఇన్సులిన్, ఇతర ఇంజెక్షన్లు, ఇలా చాలా దారులున్నాయి. ఒక్కోదానికి ఖర్చు, దుష్ప్రభావాలు వేరు.’ ఇది కంపెనీకి పంపండి. డబ్బిచ్చినా ఇదే వేయడానికి వాళ్లు ఒప్పుకుంటే, వాళ్లు నిజంగా అవగాహన కోసమే వచ్చారని నమ్మవచ్చు. ఒప్పుకోకపోతే మీకు సంగతి తెలిసిపోయినట్టే.

యూరప్‌లో ఈ గీత కాస్త స్పష్టంగా గీశారు. 2001 నాటి యూరోపియన్ యూనియన్ డైరెక్టివ్ చీటీ మందుల ప్రకటనలు ప్రజలకు చూపించకూడదంటుంది. ఆరోగ్యం గురించి, జబ్బుల గురించి సమాచారం ఇవ్వవచ్చు, కానీ మందు ప్రస్తావన పరోక్షంగా కూడా ఉండకూడదని పక్కనే రాశారు. ‘పరోక్షంగా కూడా’ అన్న ఆ ఒక్క మాటే నేను ఎడిటింగ్‌లో కొలబద్దగా పెట్టుకుంటాను. అమెరికాలో పద్ధతి వేరు. అక్కడా, న్యూజిలాండ్‌లోనూ చీటీ మందులకు టీవీలో నేరుగా ప్రకటనలు ఇవ్వవచ్చు. అమెరికాలో ఉంటున్న మనవాళ్లకు ఆ ‘మీ డాక్టర్‌ని అడగండి’ ప్రకటనలు కంఠతా వచ్చేసి ఉంటాయి. మందు పేరెత్తకుండా జబ్బు గురించి మాత్రమే చెప్పే ప్రకటనలు అక్కడ మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పరిధిలోకి రావు. ఏజెన్సీవాళ్లు మీకు చెప్పిన సూత్రం అక్కడినుంచి అరువు తెచ్చుకున్నదే, మన చట్టంలోది కాదు.

మన దగ్గరా జబ్బు పేరుతో అవగాహన ప్రచారాలు పెద్దయెత్తున జరుగుతున్నాయి. షింగిల్స్ (ఒంటి మీద నొప్పితో పొక్కులు లేచే జబ్బు) వ్యాక్సిన్ 2023లో మన దేశానికి వచ్చాక దాని కంపెనీ జీఎస్‌కే అమితాబ్ బచ్చన్‌తో షింగిల్స్ గురించి ప్రచారం చేయించింది. అది తప్పని నేననడం లేదు. ఎవరు చేయిస్తున్నారో అక్కడ బాహాటంగానే కనిపిస్తుంది, చూసేవాడు ఆ లెక్కతోనే చూస్తాడు. మీ దగ్గర ప్రతిపాదించింది వేరు: కంపెనీ రాసిన మాట డాక్టరుగారి మాటగా, మీ పత్రిక మాటగా పాఠకుడికి చేరుతుంది. నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఇదే.

డాక్టరుగారి పేరు విషయానికొస్తే, ఆయన మీకంటే పెద్ద చిక్కులో ఉన్నారు. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నియమావళి డాక్టర్లు ప్రజారోగ్యం మీద పత్రికలకు తమ సొంత పేరుతో రాయవచ్చంటుంది. తమకు ప్రాక్టీసు తెచ్చిపెట్టే ప్రచారంగా మారే వ్యాసాలు మాత్రం వద్దంటుంది. దానికి 2009 డిసెంబరులో చేర్చిన భాగం ఇంకా సూటిగా ఉంది: డాక్టర్లు ఏ కంపెనీ మందునూ, ఉత్పత్తినీ బహిరంగంగా సమర్థించకూడదు. నేషనల్ మెడికల్ కమిషన్ 2023 ఆగస్టులో కొత్త నియమావళి తెచ్చి అదే నెలలో పక్కన పెట్టేసింది కాబట్టి ఇప్పటికీ ఆ పాతదే చెల్లుతుంది. ఎవరైనా ఫిర్యాదు చేస్తే ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిలో, తెలంగాణ మెడికల్ కౌన్సిలో ఆయన్ని పిలిచి అడుగుతుంది. తాను రాయని వ్యాసానికి ఆయన అక్కడ జవాబు చెప్పుకోవాలి. ఒకసారి నా దగ్గరికి వచ్చిన ఇలాంటి వ్యాసంలో ఒక మోతాదు గురించి సందేహం వచ్చి, పైన పేరున్న డాక్టరుగారికి ఫోన్ చేశాను. ‘ఏ వ్యాసం అండీ?’ అన్నారాయన. ఫొటో మాత్రం తానే పంపానని చెప్పారు. మీరు కూడా మీ రెండు వ్యాసాల డాక్టరుగారికి ఒక ఫోన్ చేసి చూడండి.

పరాయి పేరుతో కంపెనీలు రాయించడం మీద కోపం ఎందుకంటే, దాని వల్ల జనానికి జరిగిన నష్టం చరిత్రలో ఉంది. 1966లో రాబర్ట్ విల్సన్ అనే న్యూయార్క్ గైనకాలజిస్టు మెనోపాజ్‌ను (ముట్లు ఆగిపోవడాన్ని) లోపం వల్ల వచ్చే జబ్బుగా, ఈస్ట్రోజెన్ హార్మోన్ మాత్రలను దానికి విరుగుడుగా వర్ణిస్తూ మామూలు పాఠకుల కోసం పుస్తకం రాశాడు. అది విపరీతంగా అమ్ముడుపోయింది. ఆయన ఫౌండేషన్‌కు ఆ మాత్రలు తయారుచేసే వైయెత్ కంపెనీ నుంచి డబ్బు అందిందన్న సంగతి చదివినవాళ్లకు తెలియదు. 1975లో, ఒక్క ఈస్ట్రోజెన్ వాడిన స్త్రీలలో గర్భాశయ లోపొర క్యాన్సర్ ఎక్కువగా వస్తోందని పరిశోధనలు తేల్చాయి. తర్వాతి దశాబ్దాల్లో అదే కంపెనీ తరఫున ఒక రచనా సంస్థ హార్మోన్ల మీద తయారుచేసిన 26 వైద్య వ్యాసాలు డాక్టర్ల పేర్లతో అచ్చయ్యాయని కోర్టుకు చేరిన కాగితాల వల్ల 2009లో బయటపడింది. పుస్తకం అట్ట మీద కంపెనీ పేరుంటే ఆ స్త్రీలలో కొందరైనా ఇంకో డాక్టర్‌ని అడిగి ఉండేవారు.

డాక్టర్లకు కంపెనీలు చేసే మార్కెటింగ్ మీద కేంద్ర ఫార్మా విభాగం 2024 మార్చి 12న యూసీపీఎంపీ అనే కోడ్ ఇచ్చింది. అది ప్రధానంగా డాక్టర్లకు చేసే ప్రచారం, కానుకలు, సదస్సుల గురించి, మీ పత్రికను ఉద్దేశించి రాసింది కాదు. అయినా అందులో రెండు నియమాలు మీ ఎర్ర పెన్నుకు బాగా పనికొస్తాయి. ‘సేఫ్’ అన్న మాటను షరతులు చెప్పకుండా వాడకూడదు, దుష్ప్రభావాలు లేనేలేవని తేల్చి చెప్పకూడదు. దేశంలో ఏడాదికి మించి దొరుకుతున్న మందును ‘కొత్త’ అనకూడదు. డాక్టర్‌కి చెప్పకూడని మాట, ఏమీ తెలియని పాఠకుడికి ఎలా చెబుతాం?

ఇక పాఠకుడికి ఏం తెలియజేయాలన్న సంగతి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు తయారీదారుకీ, దాన్ని సమర్థించినవారికీ సీసీపీఏ (కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ) మొదటిసారి 10 లక్షల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయవచ్చు. ప్రచురించినవారి మీద కూడా 10 లక్షల దాకా వేయవచ్చు. మామూలు వ్యాపారంలో భాగంగా వేశామని నిరూపించుకుంటే ప్రచురణకర్తకు రక్షణ ఉంది. కానీ ఏజెన్సీ రాసినదాన్ని మీ సొంత వ్యాసంలా వేసి, ‘అది మామూలు ప్రకటనే’ అని రేపు వాదించడం కష్టం. ఈ చట్టం కింద 2022 జూన్‌లో వచ్చిన మార్గదర్శకాలు, సమర్థించేవారికీ కంపెనీకీ మధ్య పాఠకుడు ఊహించని సంబంధం ఏదైనా ఉంటే అది పూర్తిగా చెప్పాలంటాయి. డిస్‌క్లెయిమర్ అన్నది ప్రకటన ఏ భాషలో ఉందో ఆ భాషలోనే, స్పష్టంగా కనబడేలా ఉండాలని కూడా అందులో ఉంది. తెలుగు వ్యాసం కింద ఇంగ్లిషులో చీమ తలకాయంత ‘స్పాన్సర్డ్’ అని వేస్తే ఆ నియమం స్ఫూర్తికే విరుద్ధం.

ప్రెస్ కౌన్సిల్ నియమాలు కూడా ప్రకటన వార్తలా కనిపించకూడదనే అంటాయి. పెయిడ్ న్యూస్ మీద 2010లో కౌన్సిల్‌కు నివేదిక రాసిన ఇద్దరిలో ఒకరు మన తెలుగు సంపాదకుడు కె. శ్రీనివాసరెడ్డి. అది ఎన్నికల వార్తల గురించి మొదలైనదే అయినా, డబ్బు తీసుకున్న సంగతి పాఠకుడికి దాచడమే తప్పన్న సూత్రం ఇక్కడా అంతే. ప్రెస్ కౌన్సిల్‌కు జరిమానాలు వేసే అధికారం లేదు, మందలించగలదు. చిన్న పత్రికకు పరువే పెట్టుబడి కాబట్టి అది కూడా తక్కువేం కాదు.

కాబట్టి నా సలహా: డబ్బు తీసుకోండి, రాత మాత్రం ఇవ్వకండి. చిన్న పత్రికలు నడవాలి, కాగితం ధర నాకు తెలుసు, స్పాన్సర్‌షిప్ పూర్తిగా వదులుకోమని చెప్పను. ఒప్పందంలో ఈ మాటలు రాయించండి: అంశం ఎంపిక, రాత, ఎడిటింగ్ పత్రికవి. అచ్చుకు ముందు కంపెనీ వ్యాసం చూసి వాస్తవ దోషాలుంటే రాతపూర్వకంగా చెప్పవచ్చు, మార్చాలా వద్దా అన్నది సంపాదకుడి ఇష్టం. వ్యాసంలో కంపెనీ హెల్ప్‌లైన్ నంబరు, క్యూఆర్ కోడ్ ఉండవు. క్యూఆర్ కోడ్ దగ్గర ప్రత్యేకంగా జాగ్రత్త. వ్యాసం నిండా ఎంత జాగ్రత్త పడినా, ఫోన్ పెట్టి స్కాన్ చేయగానే మందు పేజీ తెరుచుకుంటే అంతా వృథా. అదే సంచికలో ఎదురు పేజీలో అదే కంపెనీ ప్రకటన కూడా వేయకండి. డాక్టర్ పేరు వేయాలంటే రాసింది ఆయనే అయి ఉండాలి, లేదా మీరు ఆయన్ని ఇంటర్వ్యూ చేసి, రాసినవారి పేరు మీది వేసి, ఆయన మాటలు ఆయనకు చూపించి ఖాయం చేసుకోవాలి. ఆయనకు ఆ కంపెనీ నుంచి ఫీజు అందుతుంటే అదీ రాయాలి.

మొదటి పేరాకు పైన, వ్యాసం అక్షరాల సైజులోనే ఇలా వేయండి: ‘ఈ వ్యాసానికి అయిన ఖర్చు ఫలానా ఫార్మా కంపెనీ భరించింది. ఆ కంపెనీ షుగర్ మందులు అమ్ముతుంది. వ్యాసం రాసింది, ఎడిట్ చేసింది మా పత్రిక.’ రెండో వాక్యం తీసేయమని ఏజెన్సీ తప్పక అడుగుతుంది. తీయకండి, పాఠకుడికి పనికొచ్చే సమాచారం అందులోనే ఉంది.

వ్యాసం ప్రొటీన్ పొడి, ‘షుగర్ తగ్గించే’ టీ లాంటివి అమ్మేవాళ్ల నుంచి వస్తే లెక్క మారుతుంది. అవి ఆహారం కిందికి వస్తాయి, జబ్బు నయం చేస్తాయని అనడానికి వీల్లేదు, కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018 నిబంధనలు వర్తిస్తాయి. అక్కడ పేరు కూడా మోసం చేయగలదు. చక్కెర నిండిన పానీయాలు ‘ఓఆర్‌ఎస్’ పేరుతో అమ్ముడవుతుంటే హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్లతరబడి పోరాడిన తర్వాత 2025 అక్టోబరులో ఆ పేరు వాడకూడదని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది. అలాంటి స్పాన్సర్లు వస్తే ఇంకా గట్టిగా ఉండండి.

వేసేసిన రెండు వ్యాసాల గురించి. వెబ్‌సైటులో ఉన్నవాటి పైన ఈరోజే ఆ స్పాన్సర్ వాక్యాలు పెట్టండి, మూడో వాక్యం మాత్రం ‘వ్యాసం కంపెనీ తరఫున వచ్చింది’ అని మార్చి. డాక్టరుగారికి ఫోన్ చేసినప్పుడు తాను రాయలేదని ఆయన అంటే పేరు, ఫొటో తీసేయండి. వ్యాసాల్లో నేను పైన చూపించిన రకం వాక్యాలుంటే అవి తొలగించి, ఎప్పుడు సవరించారో తేదీ వేయండి. అచ్చయిన సంచికలను వెనక్కి తేలేరు కాబట్టి వచ్చే నెల సంచికలో సంపాదకీయం పక్కన నాలుగు వాక్యాల వివరణ చాలు. ఏజెన్సీకి ఈ మార్పులన్నీ ఈమెయిల్లోనే తెలియజేయండి, ఫోన్లో చెప్పి ఊరుకోవద్దు. వాళ్ల జవాబు వచ్చేదాకా మూడో వ్యాసాన్ని పేజీలో పెట్టకండి.